కొండ కనబడని ఫోటోలో తిరుపతి ఎలా కనబడుతుంది?

ప్రశ్న: తిరుపతి ఛాయ

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలోనే పుట్టి పెరిగినదాన్ని. పదకొండేళ్లుగా ఇక్కడే పెళ్లిళ్లకూ సీమంతాలకూ ఫోటోలు తీస్తూ బతుకుతున్నాను. ముహూర్తాలు ఉండని ఆషాఢంలోనూ, పని దొరకని మిగిలిన రోజుల్లోనూ కెమెరా భుజాన వేసుకొని ఊళ్లో నడుస్తాను. అప్పుడప్పుడు బస్సెక్కి చంద్రగిరికో శ్రీకాళహస్తికో, కొంగలు దిగే కాలమైతే సూళ్లూరుపేట మీదుగా పులికాట్ ఒడ్డుకో వెళ్తాను. ఆ నడకలో తీసిన ఫోటోలను నన్నెవరూ అడగలేదు, వాటికెవరూ డబ్బులివ్వలేదు. అయినా నేను చేసిన పని ఏదని ఎవరైనా అడిగితే నేను చూపించేది వాటినే.

ఈ మధ్య వాటిలోంచి నలభై ఏరి, వేరే నగరంలో జరిగే ఒక ప్రదర్శనకు పంపాను. ఎంపిక చేసేవారు మర్యాదగానే జవాబు రాశారు. ఫోటోలు బాగున్నాయనీ, అయితే ఇవి ఏ ఊరివైనా కావచ్చుననీ, తిరుపతి అని చూడగానే తెలిసేలా గోపురమో కొండో ఉన్నవి పంపితే పరిశీలిస్తామనీ అన్నారు. ఆ మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. తప్పు వారిదని అనుకొని ఊరుకోవడం తేలిక. కానీ నా ఫోటోల్లో నిజంగానే ఊరు లేదేమోనన్న అనుమానం పట్టుకుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నలభైలో మూడింటి గురించి చెబుతాను. ఒకటి రైల్వేస్టేషనులో తీసినది. దర్శనం చేసుకొని వచ్చిన ఒక కుటుంబం ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకొని కూర్చుంది. తాత, తండ్రి, ఇద్దరు పిల్లలు అందరూ గుండ్లు చేయించుకొని గంధం పూసుకున్నారు, ఆరిన గంధం చిన్నపిల్ల చెవి వెనక పెచ్చులుగా లేచింది. రెండోది అలిపిరి మెట్ల మీద తీసినది. మెట్లపూజ మొక్కుకున్న ఒకావిడ వంగి ఒక్కో మెట్టుకూ పసుపు పూసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతున్నారు. నేను తీసే సమయానికి ఆమె నడుము మీద ఒక చెయ్యి పెట్టుకొని, పసుపు అంటిన రెండో చేతిని చీరకు తగలకుండా గాలిలో దూరంగా పట్టుకొని నిలబడ్డారు. ఆ మెట్ల బాట తొమ్మిది కిలోమీటర్ల పొడవు, మెట్లు మూడున్నర వేల పైచిలుకు. ఆమె అప్పటికి సగం కూడా ఎక్కలేదు.

ఈ రెండూ చూపిస్తే తెలుగువారెవరికీ ఊరి పేరు చెప్పనక్కరలేదు. కానీ వాళ్లు వచ్చిపోయేవాళ్లు. నా మనసు నిలిచేది ఇక్కడే ఉండిపోయేవాళ్ల మీద. అందుకే మూడో ఫోటో నాకు ప్రాణం. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో పూలమ్మే ఒక పెద్దావిడ మల్లెమాలను మూర కొలుస్తున్నారు. ముఖం సగమే కనబడుతుంది, ఫోటో అంతా ఆమె ముంజేయే. మోచేతి దగ్గర మాల మొదలు నొక్కిపెట్టి, నడివేలి కొసదాకా లాగి, అక్కడితో ఆపకుండా ఇంకో నాలుగు పూలు వదిలి తుంచుతారావిడ. తన చెయ్యి పొట్టిది కాబట్టి కొనేవాళ్లకు అన్యాయం జరగకూడదని ఆ నాలుగు పూలు. ఈ సంగతి చిన్నప్పటినుంచి ఆవిడ దగ్గర పూలు కొన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఫోటో చూసేవారికి ఎలా తెలుస్తుంది? ఆ ముంజేయి మధురైలోనైనా ఉండవచ్చు, మైసూరులోనైనా ఉండవచ్చు. ఎప్పుడు తీశానో కూడా ఇప్పుడు చెప్పలేను. హార్డ్‌డిస్కు పాడైనప్పుడు అసలు ఫైలు పోయింది, ఎవరికో పంపిన నకలు మాత్రమే మిగిలింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ముందుగా అడిగి తీస్తే మనిషి బిగుసుకుపోతారు. చేతిలో పని వదిలేసి, ముఖం తుడుచుకొని, పాస్‌పోర్టు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడతారు. అడగకుండా తీస్తే ఫోటో బాగా వస్తుంది, నాకు మాత్రం దొంగతనం చేసినట్టుంటుంది. చాలాకాలంగా ఈ పనిలో ఉన్నవారు ఈ రెండు విషయాల్లోనూ ఏం చేస్తూ వచ్చారో చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: పాత స్టూడియో

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తిరుపతి స్టేషనుకు దగ్గర్లో ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపి, ఫోనులొచ్చాక మూసివేసినవాడిని. కాబట్టి మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు బిగుసుకుపోవడం అంటున్నదాన్ని నేను ఆ మాటతో పిలవను. మా రోజుల్లో కొండ దిగి వచ్చిన కుటుంబాలు స్టూడియోకు వచ్చేవి. వెనక ఏడుకొండలు గీసిన తెర ఉండేది. అందరూ గుండ్లతో, ఉన్నవాటిలో మంచి బట్టలతో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కదలకుండా కూర్చునేవారు. నేను కుర్రవాణ్ణిగా ఉన్నప్పుడు వాళ్లను నవ్వించాలని తెగ ప్రయత్నించేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దాయన నన్ను ఆపి, "నవ్వేది మా ఊళ్లో నవ్వుకుంటాం నాయనా, ఇది గోడకు తగిలించుకునేది" అన్నారు. అప్పటినుంచి నా తీరు మారింది. ఆ బిగువు ఆయన ఎంచుకున్న రూపం. మనవలకు తాను అలాగే కనబడాలని ఆయన అనుకున్నారు.

కాబట్టి నా అనుభవం ఇది. అడగండి, వారు ఎలా నిలబడితే అలా ముందొకటి తీయండి, తీసినది కాగితం మీద వేయించి తీసుకెళ్లి వారి చేతికి ఇవ్వండి. ఫోనులో చూపించడం ఇవ్వడం కిందికి రాదు. రెండోసారి మీరు వెళ్లేటప్పటికి వారికి కావలసిన ఫోటో వారి దగ్గర ఉంటుంది, ఇక మీ ముందు నిలబడవలసిన అవసరం వారికి ఉండదు. వారి పని వారు చేసుకుంటారు, మీకు కావలసింది అప్పుడు దొరుకుతుంది. దీనికి సమయం పడుతుంది, ఆ సమయం పెట్టలేనివారు వీధిలో మనుషులను తీయకుండా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఊరు కనబడటం గురించి. కొండ ఫోటోలో లేకపోయినా కొండ చేసే పని ఉంటుంది. మన ఊరికి ఉత్తరాన శేషాచలం గోడలా నిలబడి ఉంది. ఊరివైపు తిరిగిన ఆ ముఖం దక్షిణ ముఖం. మనం నిలువునా ఉన్న ఆ ఎర్రరాతి చరియలను ఏడాది పొడవునా ఒకేలా చూస్తున్నామని అనుకుంటాం కానీ అది నిజం కాదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నడిమధ్యాహ్నం కూడా యాభైఅయిదు డిగ్రీల ఎత్తుకు మించడు. అందువల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా చరియ మీద ఎండ పడుతూనే ఉంటుంది, రాతి ఎరుపు ఊరిమీదికి తిరిగి వస్తుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు నడుమ వరకు మనకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో నిట్టనిలువు చరియలు తమ నీడలోనే ఉండిపోయి, మిట్టమధ్యాహ్నం నీలంగా, చదునుగా, పాత తెరలా కనబడతాయి. బయటినుంచి వచ్చే ఫోటోగ్రాఫర్లు వేసవి సెలవుల్లో వచ్చి కొండ ఫోటో సరిగ్గా రాలేదని బాధపడుతుంటే, కార్తీకం దాటాక రమ్మని చెప్పేవాణ్ణి. వానలు పడి కపిలతీర్థం జలపాతం దూకేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే.

కొండను మనుషుల వెనక చూపించాలనుకున్నా పద్ధతి ఉంది. కొండ దగ్గరికి వెళ్లి వెడల్పు లెన్సు పెడితే మనిషి పెద్దగానూ కొండ మట్టిగడ్డలానూ వస్తుంది. రైలుకట్టకు దక్షిణంగా, వీలైనంత దూరం వెనక్కి వెళ్లి, నూట ముప్పైఐదో రెండు వందలో మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, మనిషిని కూడా మీకు దూరంగానే ఉంచి తీయండి. అప్పుడు ఇళ్ల మిద్దెల మీద ఆరేసిన బట్టల వెనక కొండ నిండుగా లేస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న మన వీధులన్నిటి చివరా కొండే కదా. ఊళ్లోవాళ్లు దారి చెప్పేటప్పుడు ఉత్తరం అనరు, "కొండవైపు" అంటారు.

మీ పూలావిడ ఫోటోలో ఎండ ఉందా? ఉంటే ఆమె చేతి నీడ ఎటు పడిందో చూడండి. ఆవిడ ఎటు తిరిగి కూర్చుంటారో మీకు తెలుసు కాబట్టి, మధ్యాహ్నం తీసినదైతే నీడ కొండవైపు సాగి ఉంటే చలికాలం, చేతి కిందే ముద్దగా ఉంటే వేసవి. హార్డ్‌డిస్కులో పోయిన తేదీ ఫోటోలోనే కొంత మిగిలి ఉంటుంది.

జవాబు: కలంకారి ఇల్లు

నమస్కారమండీ. నేను ఫోటోగ్రాఫరును కాను, మీ కెమెరాలకు ఎదురుగా కూర్చునేదాన్ని. శ్రీకాళహస్తిలో మా అమ్మగారూ నేనూ ఇంట్లోనే కలంకారి పని చేస్తాము. ఈ పనికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటినుంచి మా వీధికి కెమెరాలు పట్టుకొని వచ్చేవారు పెరిగారు. చాలామంది మంచివారే, అడిగే తీస్తారు. కానీ అందరూ తీసేది ఒకటే ఫోటో. కలం పట్టుకున్న చెయ్యి, సగం గీసిన రాముడి ముఖం, కిటికీలోంచి వెలుతురు. మా అమ్మగారు ఆ ఫోటో కోసం ఎన్నిసార్లు ఖాళీ కలం పట్టుకొని కూర్చున్నారో లెక్కలేదు.

మా పనిలో గీయడం ఒక భాగం మాత్రమే. ముందు గాడా గుడ్డను ఉతికి, కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి, పిండి ఆరబెట్టాలి. పాలలోని జిడ్డు రంగును అటూఇటూ పాకనివ్వదు. ఆ రోజు ఇల్లంతా పాలవాసన, రెండోరోజుకు ఆ వాసన మారుతుంది కూడా, ఫోటో తీసేవారెవరూ ఆ రోజు రారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో మొదటి గీతలు పెడతాము. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వారాల తరబడి పులియబెడితే వచ్చేది కసిం, మా నల్లరంగు. అది కుండలో ఉన్నప్పుడు నలుపు కాదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకనే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తాము. పూసినప్పుడు అక్కడ తడి తప్ప ఏమీ కనబడదు. ఎరుపునిచ్చే చెక్కలూ వేర్లూ వేసిన నీళ్లలో గుడ్డను ఉడికించినప్పుడు, పటిక పెట్టిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుని బొమ్మ తేలుతుంది. పైన రాసిన స్టూడియో అయ్యగారు ఒకప్పుడు చీకటిగదిలో మందునీళ్లలో కాగితం ముంచి బొమ్మ తేలే దాకా చూసే ఉంటారు. మాకు ఆ క్షణం పొయ్యి దగ్గర వస్తుంది, ఆవిరిలో, చెమటలో. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీరున్నప్పుడు అక్కడికే పోతాము, లేనప్పుడు ఎక్కడ నీళ్లు పారితే అక్కడికి. తడిసిన గుడ్డ బరువు మోసేది, ఉతికేది, ఇసుక మీద పరిచేది ఎక్కువగా మా వీధి ఆడవాళ్లూ కూలికి వచ్చేవాళ్లూ. వాళ్ల ఫోటో నేను ఒక్కటీ చూడలేదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మీరు అడిగిన ఊరి గుర్తు కలం పట్టిన చేతిలో లేదు. కలం ఎక్కడైనా పట్టవచ్చు. ఒక పనిని మొదటినుంచి చివరిదాకా చూసినవారికి ఊరు దానంతట అదే దొరుకుతుంది, ఎందుకంటే ఆ పని ఆ ఏటినీ ఆ ఎండనూ ఆనుకొని ఉంది. ఒకసారి ఒక అమ్మాయి వచ్చి మూడు వారాల్లో అయిదుసార్లు తిరిగి వచ్చింది. మొదటిరోజు కెమెరా బయటికే తీయలేదు, గుడ్డ పిండడంలో ఒక కొస పట్టుకుంది. ఆమె తీసిన ఫోటోల్లో ఒకదాంట్లో మా అమ్మగారు కాగు పక్కన కట్టె పట్టుకొని గుడ్డను తిప్పుతూ, ఆవిరికి ముఖం పక్కకు తిప్పుకొని ఉన్నారు. మా అమ్మగారు గోడకు తగిలించుకున్నది ఆ ఫోటోనే. బంధువులెవరైనా వస్తే "ఇదీ నేను చేసేది" అని దాన్నే చూపిస్తారు.

మీ పూలావిడ ముంజేయిని తీశారు, సంతోషం. తెల్లవారక ముందు పూలు ఎక్కడినుంచి వస్తాయి, ఎవరు తెచ్చి దింపుతారు, ఎవరు కడతారు, సాయంత్రానికి మిగిలినవి ఏమవుతాయి? ఇవి కూడా తీశారా?

జవాబు: మామిడి మండీ

మాది దామలచెరువు వైపు. జూన్ నెలలో మండీకి ఫోటోలు తీసేవారు వస్తుంటారు. పెద్ద లెన్సు పెట్టుకొని లారీ వెనకనుంచి తీసేవారిని చూస్తే కాయలు ఏరే ఆడవాళ్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు, పని కూడా ఆగిపోతుంది. చిన్న లెన్సుతో నాలుగడుగుల దూరంలోకి వచ్చి, బెంగళూరా మామిడి ఎంత పలుకుతోంది, ఈ కాయ గుజ్జు ఫ్యాక్టరీకా బయటికా అని రెండు మాటలు మాట్లాడినవారిని అయిదు నిమిషాల్లో మరిచిపోతారు. దూరంనుంచి తీస్తే వారికి తెలియదు కాబట్టి సహజంగా ఉంటారని మీవాళ్లు అనుకుంటారేమో. తెలుస్తుందండీ. తమను ఎవరు ఎక్కడినుంచి చూస్తున్నారో కూలిపనికి వచ్చే ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

జవాబు: చిత్తూరు మాస్టారు

ఇంతవరకు రాసినవారందరూ ఫోటోలోనే ఊరిని ఎలా పట్టాలో చెప్పారు. నేను ఒక చోట విభేదిస్తాను. ఫోటో మోయలేని బరువును దానిమీద పెట్టడం ఎందుకు? పక్కన రెండు వాక్యాలు రాయండి. ఆవిడ ఆ నాలుగు పూలు ఎందుకు వదులుతారో మీరు ఇక్కడ రాస్తే చదివిన మాకందరికీ ఆవిడ ఊరి మనిషిగా కళ్లకు కట్టారు. ఆ వాక్యం ప్రదర్శనకు పంపినప్పుడు ఫోటో కింద ఉందా? లేకపోతే ఎంపిక చేసినవారిని తప్పుపట్టలేము.

కింది రాత లేకపోతే ఏమవుతుందో నేను దగ్గరనుంచి చూశాను. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవారు ఆడవేషం వేసి మొక్కు తీర్చుకోవడం తిరుపతివారికి తరతరాలుగా ఉన్న ఆచారం. గంగమ్మ తల్లి దాక్కున్న పాలెగాణ్ణి వెతుక్కుంటూ రోజుకొక వేషంలో తిరిగిందనీ, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి చంపిందనీ, తర్వాత మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చడానికి వెళ్లిందనీ కథ. తల్లి తాను చంపినవాడి భార్యను ఓదార్చడానికి ఒక రోజును కేటాయించిన జాతర అది, నాకు అందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ రోజే. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు తల్లి ఆరోగ్యం కోసం మొక్కుకొని, ఆమె పట్టుచీర కట్టుకొని, పూలజడ వేసుకొని గుడికి వెళ్లాడు. ఎవరో తీసిన ఫోటో ఫోనులోంచి ఫోనుకు ఎక్కింది. కింద ఊరి పేరు లేదు, జాతర పేరు లేదు. చూసినవారు రాసిన మాటలు ఇక్కడ రాయలేను. ఆ కుర్రవాడు చాలా రోజులు పనికి వెళ్లలేదు. అదే ఫోటో కింద "గంగమ్మ జాతరలో తల్లి కోసం మొక్కు తీర్చుకుంటున్న యువకుడు" అని ఒక్క ముక్క ఉంటే ఆ మాటలన్నీ వచ్చేవి కావని నేను అనను, సగమైనా తగ్గేవి. పేరు రాయడానికి ఆ మనిషిని అడగాలి, ఊరూ సందర్భమూ రాయడానికి ఎవరినీ అడగనక్కరలేదు.

ఊరితోపాటు తేదీ కూడా తప్పకుండా రాయండి. శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. పాత గోపురాన్ని చక్కగా, సూటిగా తీసిన ఫోటోలు అధికారుల దగ్గరా పండితుల దగ్గరా ఉంటాయి. దాని కింద టీకొట్టు ఎలా ఉండేదో, బొమ్మల అంగళ్లు ఎంత ముందుకు జరిగి ఉండేవో మాత్రం ఇళ్లలోని పెళ్లి ఆల్బములలోనే ఉంది, కొత్త దంపతుల భుజాల వెనక, కొంచెం మసకగా. తీసినవారు దాన్ని తీయాలనుకోలేదు. ఇప్పుడు ఆ ఆల్బములను తిప్పినప్పుడు మనం ముందుగా వెతికేది దంపతుల వెనకనే. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నారు కాబట్టి మీ దగ్గర అలాంటివి వందలు ఉండి ఉంటాయి, వాటిని ఊరి ఫోటోలు కావని పక్కన పెట్టకండి.

ఇంకొక చిన్న మాట. కింద రాసేటప్పుడు జిల్లా పేరొక్కటే నమ్ముకోకండి. 2022 ఏప్రిల్ 4కు ముందు చంద్రగిరి కోట ఫోటో కింద చిత్తూరు జిల్లా అని రాసేవాళ్లం, ఆ తర్వాత తిరుపతి జిల్లా అని రాస్తున్నాం. హార్సిలీ హిల్స్ అప్పటిదాకా మాదే, అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. వీధి పేరు, ఊరి పేరు రాస్తే అవి ఎక్కడికీ పోవు.

తిరిగి: తిరుపతి ఛాయ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పదిరోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ చెప్పినవి చేసి చూసి రాయాలనుకున్నాను.

కలంకారి ఇంటి అక్కగారు అడిగిన ప్రశ్నకు ముందు జవాబు. తీయలేదండీ. చిన్నప్పటినుంచి కొన్న పూలు ఎక్కడినుంచి వస్తాయో నేను ఆవిడను ఒక్కసారైనా అడగలేదు. మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లాను. కెమెరా సంచిలోనే ఉంచాను. పూలబుట్టలు దిగాయి, ఆవిడా ఆవిడ కోడలూ ముద్దలుగా ఉన్న పూలను తడిగుడ్డ మీద పోసి, రెండేసి పూలు అటూఇటూ పెట్టి అరటినారతో ముడివేస్తూ పోయారు. కోడలి వేళ్లను కంటితో అందుకోలేకపోయాను. ఇంకా నాలుగైదుసార్లు వెళ్లాక గానీ ఏ కోణంలో తీయాలో తెలియదు. మిగిలిన పూలు ఏమవుతాయన్నది కూడా ఇంకా చూడాలి.

స్టూడియో అయ్యగారు చెప్పినట్టు ముంజేయి ఫోటోను పెద్దదిగా కాగితం మీద వేయించి తీసుకెళ్లాను. దానికన్నా ముందు ఆవిడ కోరినట్టుగా ఒక ఫోటో తీశాను. కోడలిని పక్కన నిలబెట్టుకొని, చేతులు కట్టుకొని, ఏమాత్రం నవ్వకుండా నిలబడ్డారు. అది కూడా వేయించి ఇవ్వాలి, రేపు అందుతుంది. ఆ ఫోటో చూస్తుంటే నేనింతకాలం బిగుసుకుపోవడం అన్నది ఎంత పొరపాటు మాటో అర్థమైంది.

ముంజేయి ఫోటో చేతికి ఇవ్వగానే ఆవిడ తన చెయ్యి చూసుకోలేదు. కాగితాన్ని ముఖం దగ్గరగా పెట్టుకొని పూలు చూశారు. నేను "మీరు మల్లెలు కొలుస్తున్నప్పుడు తీసిందమ్మా" అన్నాను.

"మల్లెలు యాడుండాయి పాపా దీంట్లో? ఇవి కాకడాలు. మల్లెలు ఎండాకాలంలో గదా వచ్చేది. ఇది నువ్వు చలికాలంలో తీసినావు. ధనుర్మాసంలో అయ్యుంటాది, చూడు, పక్కన బుట్టలో చేమంతులు ఎన్ని ఉండాయో."

నేను ఇన్నేళ్లుగా మల్లెమాల అని చెప్పుకుంటున్నది మల్లెమాలే కాదు. మీ అందరికీ కూడా ఇక్కడ అలాగే రాశాను, మన్నించండి. ఇంటికి వచ్చి ఫోటోను మళ్లీ తెరచి చూస్తే, ఆవిడ చేతి నీడ చేతి కింద ముద్దగా లేదు. అరుగు మీద కొండవైపు జానెడు సాగి ఉంది.

అప్పుడు కాకడాలు మూర ఎంతకు అమ్మారో కూడా ఆవిడ చెప్పారు. ఆ ధరను బట్టి అది ఏ సంవత్సరమో కోడలు లెక్కకట్టింది, అత్త ఒప్పుకోలేదు, ఆ ఏడు వానలకు పూలు దెబ్బతిని ధర పెరిగిందని వాదించారు. ఇద్దరూ ఇంకా తేల్చలేదు. అందుకని ప్రస్తుతానికి ఫోటో కింద ఇలా రాసిపెట్టాను: "గోవిందరాజస్వామి గుడి వీధి, తిరుపతి. ధనుర్మాసం, మధ్యాహ్నం. కాకడాలు మూర కొలుస్తున్న పూలావిడ. తన చెయ్యి పొట్టిదని ప్రతి మూరకూ నాలుగు పూలు ఎక్కువ వదులుతారు." పేరు రాయవచ్చా అని అడిగాను. కొడుకును అడిగి చెబుతానన్నారు.